రెండోసారి నొక్కిన మీట

మా ఇంటి హాల్లో, నలుగురి కళ్ళెదుట, పట్టపగలు సరస్వతీదేవి నిలువునా కాలిపోయింది. మంటలు మూడడుగుల ఎత్తు లేచాయి. నేను అక్కడే ఉన్నాను. నా ఎడమ చెయ్యి కూడా అక్కడే ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

మూడడుగులన్నాను గదూ, అంత లేదు. మా కోడలి కంప్యూటరు తెర మూల నుంచి మూలకు కొలిచినా పదిహేడంగుళాలే. మంట అంతకు మించి లేవడానికి చోటు లేదు. కానీ ఆ రోజు మా ఇంట్లో ఉన్న మా బామ్మరిదిని అడిగితే మంట ఇంటికప్పు తాకిందంటాడు. ఆ లెక్కన నేను తగ్గించి చెప్పినట్టే.

ఇది రెండువేల ఏడులోనో ఎనిమిదిలోనో జరిగింది. అప్పటికి నేను ఉద్యోగం దిగి నాలుగేళ్ళు. ఉద్యోగమంటే సర్కారు కట్టడాలకు ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పని. కొన్నేళ్ళు యానాంలో వేశారు. అక్కడే తెలుగు రాయడం, చదవడం నేర్చుకున్నాను. మేముండేది అరవ ఊరు. కోసపాళయంలో మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గాని అక్షరాలు వచ్చింది నాకొక్కడికే. అందుచేత ఇక్కడ నేను ఎన్ని కోతలు కోసినా పట్టుకునేవాళ్ళు ఇంట్లో లేరు. అయినా నిజమే రాస్తున్నాను. చాలావరకు.

ముందు మా ఆవిడ చేతి గురించి చెప్పాలి. ఆమెకు కైరాశి ఉందని మా వీధి నమ్మకం. అంటే ఆ చేత్తో మొదలుపెట్టిన పని నిలుస్తుందని. కొత్త మోటారు సైకిలు కొన్నవాళ్ళు ముందు దాన్ని మా వాకిట్లోకి తెచ్చి నిలబెట్టేవాళ్ళు. ఆమె కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పితేగాని చక్రం కింద నిమ్మకాయ పెట్టేవాళ్ళు కాదు. ఇందిరా నగర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు కూడా ఆటో పంపి పిలిపించుకున్నారు. ఇచ్చిన తమలపాకులు వక్క తప్ప ఏమీ తీసుకునేది కాదు. తిరిగొచ్చాక ఆ పూట నడక మారేది, కొంచెం రాణిలాగా. మా కాపురంలో నేను ఆమెకు గర్వపడే అవకాశం పెద్దగా ఇవ్వలేదు. ఆమెకున్న గర్వం ఆ చెయ్యి ఒక్కటే. దాన్నే నేను ఒక మీట నొక్కి పోగొట్టబోయాను.

కంప్యూటరు మా కోడలిది. ఎం.ఫిల్. చదువుకోసం కొన్నది. అందులో మొదటున్న సిస్టమ్‌కు వైరసులు పట్టి నత్తలాగా నడుస్తుంటే, ఆదివారాలు ఊళ్ళో కంప్యూటరు పిచ్చివాళ్ళు కలుసుకునే ఒక చోటికి పోయి ఉచితంగా దొరికే వేరే సిస్టమ్ సీడీ తెచ్చి వేసుకుంది. రెండోసారి వెళ్తున్నప్పుడు తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడ ఒకాయన తన కంప్యూటరులో విండోను మౌసుతో పట్టుకుని లాగాడు. అది జెల్లీలాగా ఊగింది. ఇంకో మీట నొక్కితే తెర మొత్తం పెట్టెలాగా మారి గిర్రున తిరిగింది. మూసిన విండో కాగితం విమానంలాగా మడుచుకుని ఎగిరిపోయింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నా జన్మంతా కదలని గీతలు గీసినవాణ్ణి. గీసిన గోడ ఊగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన దగ్గర కూర్చుని సంగతి తెలుసుకున్నాను. విండోలకు చట్రం కట్టడం, జరపడం, మూయడం చూసుకునే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడూ లోపల పనిచేస్తూ ఉంటుందట. దానికి బదులు ఇంకొకటి పెట్టుకుంటే, అది ప్లగిన్లను ఒప్పుకుంటుందట. ఒక్కో ప్లగిన్ ఒక్కో పని చేస్తుంది. కావలసినదానికి టిక్కు పెట్టడం, వద్దనుకుంటే తీసెయ్యడం. నాకు చటుక్కున అర్థమైంది. మేము కింద అసలు ప్లాను పెట్టి, దాని మీద ట్రేసింగు కాగితాలు పరిచేవాళ్ళం. ఒకదాని మీద నీటి గొట్టాలు, ఒకదాని మీద కరెంటు తీగలు. ఏది వద్దంటే అది ఎత్తేస్తే సరి, కింద ప్లానుకు ఏమీ కాదు. ఇదీ అంతే అనుకున్నాను.

ఇంటికొచ్చి మొదలుపెట్టాను. మూడు రోజులు తిండి తిప్పలు మాని ఆ యంత్రంతో యుద్ధం చేశాను.

మాననే లేదు. మొదటి రోజే మధ్యలో లేచి నాలుగు దోసెలు తిన్నాను. యుద్ధం చేసింది కూడా సగానికి పైగా మా కోడలే. నేను చేసిన పనల్లా, జాబితాలో కనిపించిన ప్రతి ప్లగిన్‌కూ వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోవడం. ఒకటి రెండు టిక్కులు పెట్టగానే వేరేవి ఊడిపోతున్నాయి. అలా ఊడినవాటిలో విండోకు చట్రం కట్టే ప్లగిన్ ఉందని నాకు తెలియదు. మరుక్షణం అన్ని విండోల నెత్తి మీద పట్టీలు మాయమైపోయాయి. మూసే గుర్తు లేదు, జరిపేందుకు పట్టు లేదు. నేను గీసిన ఇంటికి తలుపులు, గడపలు ఎవరో రబ్బరుతో తుడిచేసినట్టుంది. కోడలి చదువంతా అందులోనే ఉంది.

కాలేజీ నుంచి వచ్చి చూసి ఆ పిల్ల తల పట్టుకుంది.

"ఏం మామా ఇది? నా విండోలకు తలకాయలు యాడికి పోయినాయి?"

"నేనేం చెయ్యలేదమ్మా. దానంతట అదే."

"దానంతట అదే నూటికి నూరు టిక్కులు పెట్టుకునిందా?"

ఒక్కో టిక్కు తీసుకుంటూ, ఊడిన దాన్ని తిరిగి పెట్టి, తలకాయలు తెప్పించింది. గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన డ్రైవరు కూడా తనే వేసింది. అప్పుడు తెర పెట్టెలాగా తిరిగింది, విండోలు ఊగాయి. తన ఫైళ్ళ జోలికి రానని మాట తీసుకుని, ఆటలాడుకోవడానికి నాకు అనుమతి ఇచ్చింది.

ఆ వారమే విల్లియనూరు నుంచి మా బామ్మరిది బండి మీద వచ్చాడు. చెరుకు వేస్తాడు. నన్ను ఎగతాళి చెయ్యడం అతనికి రెండో వ్యవసాయం. అతనికి ఊగే విండో చూపించి, ఇదంతా నేను రాసిన ప్రోగ్రామే అని చెప్పాను.

"నువ్వా? పో బావా. మా ఇంటికి అటక ప్లాను గీస్తివి, నిచ్చెన పెట్టేదానికి చోటు మరిచిపోతివి. ఇప్పుడు కూడా అటక మీదికి కుర్చీ ఏసుకోని ఎక్కుతా ఉండాము."

"అది మేస్త్రీ తప్పురా."

"ఆమా ఆమా, మేస్త్రీ తప్పే. ఇంతకీ ఈ డబ్బా ఊగితే ఏందంట? దీంట్లో కాఫీ వస్తాదా?"

"ఆయుధపూజ నాడు రా. నీ కళ్ళు బయటికొచ్చేది చూపిస్తా."

అనేశాను గాని ఏం చూపించాలో నాకు తెలియదు. వెతుకుతుంటే యానిమేషన్ ప్లగిన్‌లో విండో మూసేటప్పుడు కాలిపోయేట్టు పెట్టే వీలు కనిపించింది. పెట్టి చూశాను. పైనుంచి కిందికి మంట పాకుతూ విండోను తినేసింది. కుర్చీలోంచి దిగ్గున లేచాను. నిజం మంటకు ఏమాత్రం తీసిపోదు. కాకపోతే కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతోంది. ఎంతసేపు కాలాలో పెట్టుకునే చోట అంకె పెంచాను. పది లెక్కపెట్టేదాకా కాలింది.

మా ఉపాయం చూడండి. మా అని ఎందుకన్నానంటే నింద పంచుకోవడానికి. ఉపాయం పూర్తిగా నాదే. వెనక సరస్వతీదేవి పటం తెర నిండా తెరిచి పెట్టడం. దాని ముందు ఇంకో నల్లటి ఖాళీ విండో. మా ఆవిడ హారతి చూపించేటప్పుడు నేను నల్లదాన్ని మూస్తే, చీకటి భగ్గున మండి, ఆ మంటల్లోంచి అమ్మవారు ప్రత్యక్షమవుతుంది. బామ్మరిది నోరు మూతపడుతుంది. మా ఆవిడ చేతికి ఇంకో మహిమ తోడవుతుంది. అందులో చెడేముంది?

ఆయుధపూజ పొద్దున మా ఆవిడ కంప్యూటరు బల్ల కడిగి ముగ్గు వేసింది. తెర నాలుగు మూలలా గంధం, కుంకుమ పెట్టింది. ముందు పీట మీద నా పాత కాంపస్ పెట్టె, కత్తిపీట, కోడలి పుస్తకాలు, కీబోర్డు, మౌసు పేర్చి, కీబోర్డుకు కూడా మీట మీటకూ గంధం చుక్క పెట్టి, అన్నిటి మీదా పట్టుగుడ్డ కప్పింది. ఒకసారి కప్పాక వాటిని మళ్ళీ మరునాడు పొద్దున దాకా ముట్టుకోకూడదు. ఆ రోజు పనిముట్లకు సెలవు. ఈ ఆచారం నాకు తెలియనిదా? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ రోజు పెన్సిలు ముట్టలేదు, మిగతా చాలా రోజుల్లాగే.

మా అబ్బాయి తన మిల్లులో పూజకు పోయాడు. ఇంట్లో మేము నలుగురమే. బామ్మరిది గంట పట్టుకున్నాడు. కోడలు పొరి, అంటే మరమరాలు, గుగ్గిళ్ళ పళ్ళేలు సర్దుతోంది. నేను బల్ల పక్కన భక్తిగా నిలబడ్డాను, కుడి చెయ్యి గుండె మీద, ఎడమ చెయ్యి పట్టుగుడ్డ కింద. విండో మూయడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి. బొటనవేలికి ఒకటి, చూపుడువేలికి ఒకటి తడుముకుని పెట్టుకున్నాను.

"ఏందండీ, తెర నల్లగా ఉండాది? అమ్మవారి పటం పెడతానంటిరే?"

"నువ్వు హారతి చూపించు. అమ్మే వస్తాది."

ఆమె కర్పూరం వెలిగించింది. గంట మోగింది. పళ్ళెం మొదటి చుట్టు తిరిగింది. నొక్కాను.

ఏమీ కాలేదు. పళ్ళెం రెండో చుట్టు తిరుగుతోంది. బామ్మరిది నన్నే చూస్తున్నాడు, పెదవి ఒక పక్కకు పోతోంది. వేలు సరిగా పడలేదనుకుని మళ్ళీ నొక్కాను.

అప్పుడు అంటుకుంది. నల్లటి తెర పైనుంచి కిందికి ఎర్రగా కాలుతూ వచ్చి, వెనక నుంచి అమ్మవారి కిరీటం, ముఖం, వీణ, హంస వరసగా బయటపడ్డాయి. మా ఆవిడ కళ్ళు ఇంతయ్యాయి. "తల్లీ" అంది, గొంతులోనే. గంట ఆగిపోయింది. నేను పెద్ద మంత్రగాడిలాగా బామ్మరిది వైపు తిరిగాను.

తిరిగి ఉండగానే అతని ముఖం మారిపోయింది. తెర వైపు చూశాను. అమ్మవారి కిరీటం అంటుకుంది.

పాత యంత్రం. అంత మంట గీయడానికి దానికి కాసేపు పట్టింది, అంతే. మొదటి నొక్కుడు అది మరిచిపోలేదు, ఆలస్యం చేసిందంతే. రెండోదాన్ని కూడా జాగ్రత్తగా దాచుకుంది. ముందు విండో కాల్చడం కాగానే, వెనకదానికి ఆ రెండోది వాడింది. కిరీటం పోయింది. ముఖం పోయింది. పది లెక్కపెట్టేదాకా కాలేట్టు పెట్టింది నేనే గనుక, ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు. మా ఆవిడ పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంది, ఆపాలని ఆమెకు తోచలేదు.

"కాలతా ఉండాది! అక్కా, జరుగు!" అని అరిచి, దిష్టి తియ్యడానికి కలిపి పెట్టిన ఎర్రనీళ్ళ పళ్ళెం ఎత్తి బామ్మరిది తెర మీద కుమ్మరించాడు. టప్పుమని ఒక చప్పుడు. కాలిన వాసన, ఈసారి నిజమైనది. తెర చచ్చిపోయింది. కోడలు పరుగెత్తి స్విచ్చి ఆపింది. బల్ల కింద ఉన్న అసలు పెట్టె మీద నీళ్ళు పడలేదు, తన చదువు క్షేమమే. కానీ ఆ క్షణంలో ఎవరూ దాని గురించి అడగలేదు.

మా ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"అమ్మ నా చేతులో కాలిపాయెనే" అంది.

"లేదే, ఏదో షార్టు సర్క్యూటు" అన్నాను. నోరు తెరిస్తే అదే వచ్చింది. నిజం నాలిక చివర దాకా వచ్చి, బామ్మరిది ముఖం చూసి వెనక్కి పోయింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది. గుగ్గిళ్ళు ఎవరూ తినలేదు.

మధ్యాహ్నం కోడలు, ఆచారం సంగతి తరవాత అనుకుని, చిందిన నీళ్ళు తుడవడానికి కీబోర్డు మీది గుడ్డ తీసి, మీటల మీదికి వంగి చూసింది.

"మామా, మీ ఎడమ చెయ్యి చూపీండి."

"ఎందుకమ్మా?"

"అన్ని మీటల మీదా గంధం చుక్క పెట్టింది పెట్టినట్లే ఉండాది. రెండిట్ల మీద మాత్రం చెరిగిపోయిండాది. వేళ్ళు చూపీండి."

బొటనవేలి కొసనా చూపుడువేలి కొసనా గంధం ఎండి పొడిబారి ఉంది. నేను చూసుకోనేలేదు. ఉద్యోగంలో ఎంతమంది ఇంజినీర్లకు దొరక్కుండా తిరిగినవాణ్ణి, ఒక చుక్క గంధానికి దొరికిపోయాను.

"అత్తకు మీరే చెప్పాల. నేను చెప్తే, పాపం ఊరడించేదానికి చెప్తా ఉండాదనుకుంటాది" అంది. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం దీపం పెట్టమని మా ఆవిడ కోడలికి చెప్పింది. నేను పట్టించుకోలేదు, అలసిపోయిందనుకున్నాను. మరునాడు పొద్దున మూడిళ్ళ అవతల ఉండే బట్టలు కుట్టే ఆమె వచ్చింది. ఇన్నేళ్ళూ ఇంట్లో కుట్టి, ఇప్పుడు చిన్న కొట్టు తీసుకుంది. వచ్చే శుక్రవారం తెరుస్తోంది.

"అక్కా, శుక్రారం తొమ్మిదిన్నరకు. మరిచిపోయేవు. నువ్వే కర్పూరం వెలిగించాల."

"వేండా మ్మా. నా చెయ్యి వద్దు."

"ఏందక్కా అట్లంటావు? నీ చెయ్యి పడాలనే గదా నేను ఇన్నాళ్ళు కాచుకోనుండేది."

"వేరే ఎవరినన్నా పిలుచుకో. బతికే కొట్టు అది. నా చెయ్యి వద్దు" అని, మా ఆవిడ రెండు చేతులూ పైట కింద దాచుకుంది.

అది చూసి నాకు తగిలిన దెబ్బ ముందరి రోజు మంట చూసినప్పుడు కూడా తగల్లేదు. ఎవరైనా దొంగిలించినదాన్ని దాచుకుంటారు. ఆమె తన చేతుల్ని దాచుకుంటోంది. అవి దాచుకోవలసినవని నమ్మించినవాణ్ణి నేను, అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానని రాద్దామనుకున్నాను. లేదు, సరిగ్గానే పట్టుకున్నాను. అదే ఇంకా సిగ్గు.

అప్పుడే వెంటనే చెప్పేశాను అంటే బాగుంటుంది. చెప్పలేదు. నాలుగు రోజులు మింగాను. గురువారం మధ్యాహ్నం కోడలు స్నేహితురాలి ఇంటి నుంచి పాత తెర ఒకటి తెచ్చి తగిలించి, నా వైపు చూసి, "కొట్టు రేపే, మామా" అంది. అంతే.

మా ఆవిడ ఆ బల్ల దగ్గరికే రానంది. కోడలు చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. నేను గొంతు సర్దుకున్నాను.

"చూడు, ఇది చాలా పెద్ద ఇంజినీరింగు. మామూలు వాళ్ళకు అర్థమయ్యేది కాదు. నేను ఎన్నో రోజులు కష్టపడి..."

కోడలు దగ్గింది.

"ఒక టిక్కు పెట్టినా" అన్నాను. "అది మంట కాదు. మంట బొమ్మ. నీ తమ్ముడికి చూపిద్దామని గుడ్డ కింద చెయ్యి పెట్టి నేనే నొక్కినా. మొదటిది పనిచెయ్యలేదనుకోని రెండోసారి నొక్కినా. నీ చేతికీ దానికీ ఏం సంబంధం లేదు."

ఆమె నా ఎడమ చెయ్యి వైపు చూసింది.

"పూజలో ఉండేదాన్ని ముట్టినారా?"

"ముట్టినా."

"షార్టు సర్క్యూటంటిరే?"

"అది కూడా నేనే."

"ఏది, చూపీండి."

మళ్ళీ అమ్మవారి పటం పెట్టే ధైర్యం నాకు లేదు. కోడలు వెతికి, నేను ఉద్యోగం దిగిన రోజు దండ వేసుకుని తీయించుకున్న ఫోటో తెర నిండా తెరిచింది. అత్త వేళ్ళు పట్టుకుని ఆ రెండు మీటల మీద పెట్టింది. మా ఆవిడ నొక్కింది. నా బట్టతల అంటుకుంది. కళ్ళజోడు పోయింది, దండ పోయింది.

ఆమె తెర మీద వేలు పెట్టి చూసింది. వేడి లేదు.

"ఇంకోసారి పెట్టు మ్మా" అంది కోడలితో.

నన్ను పదకొండుసార్లు కాల్చింది. నాలుగుసార్లు అనుకోండి. మూడోసారికి పెదవి కొస కొంచెం కదిలింది. నాలుగోసారి మంట నా మీసం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళో చేతులు పెట్టుకుని, పైట కింద కాదు, పైకే పెట్టుకుని, ఆసాంతం చూసింది.

"దీన్ని తీసేసేదానికి అయితాదా?" అని అడిగింది.

"ఒక టిక్కు తీస్తే సరి అత్తా."

"వద్దు, ఉండనీ. ఈయన కోతలు కోసినప్పుడంతా పనికొస్తాది."

నాతో మాత్రం ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ నా ముందు పెట్టిన చప్పుడుకు గ్లాసు సొట్టపోయిందేమోనని చూసుకున్నాను. కానీ దీపం ఆమే పెట్టింది. బామ్మరిదికి నిజం ఇప్పటికీ చెప్పలేదు. ఎర్రనీళ్ళు కొట్టి అక్క ఇల్లు కాపాడానని విల్లియనూరంతా చెప్పుకుంటున్నాడట. ఆ ఒక్క గొప్ప అతనికి ఉండనిమ్మని మా ఆవిడే చెప్పింది.

శుక్రవారం తొమ్మిదింటికి ఆమె పట్టుచీర కట్టుకుని పళ్ళెం తీసుకుని బయలుదేరింది. నన్ను వదిలేసి పోతుందనుకున్నాను. గడప దాటి వెనక్కి తిరిగి, "మీరూ రండి" అంది. కొట్టులో కొత్త కుట్టుమిషనుకు మల్లెపూల దండ వేసి ఉంది. వీధి ఆడవాళ్ళంతా నిలబడ్డారు. నేను వెనకగా గోడ పక్కన ఒదిగి నిలబడ్డాను. కుట్టే ఆమె కర్పూరం బిళ్ళ పళ్ళెంలో పెట్టింది. మా ఆవిడ అగ్గిపెట్టె తీసింది. అగ్గిపుల్ల గీయకుండా ఆగి, అంతమందిలోంచి తల తిప్పి నన్ను వెతికింది.

"ఏమండీ, ఇట్ల ముందరికొచ్చి నిలబడండి. ఆ రెండు చేతులూ నాకు కనపడేట్టు కట్టుకోండి."

ముందుకొచ్చి కట్టుకున్నాను. ఆమె రెండు చేతులూ లెక్కపెట్టినట్టు చూసి, అప్పుడు గీసింది.